చూపు నిలవని దశలో శబ్దంతో పనిచేసే మెదడు-కంప్యూటర్ విధానాలు: అనుభవాలు తెలుపగలరు

తమ్ముడికోసం:
మా తమ్ముడు ఏఎల్ఎస్ (కండరాలను కదిలించే నాడులు క్రమంగా క్షీణించే వ్యాధి)తో వెంటిలేటర్‌పై ఉన్నాడు. కంటి కదలికను గుర్తించే పరికరంతో ఇన్నాళ్లూ మాట్లాడాడు కాని, ఇప్పుడు కళ్లు పొడిబారి, చూపు అక్షరం మీద నిలవడం లేదు. వినికిడి బాగానే ఉంది. శబ్దాల ఆధారంగా మెదడు సంకేతాలను చదివే విధానాలను దగ్గరగా చూసినవారు దయచేసి వివరించండి.

నాడీవిద్యార్థి:
శస్త్రచికిత్స అవసరం లేనిది ఈఈజీ టోపీ, అంటే మెదడులోని విద్యుత్ సంకేతాలను తలపై నుంచే నమోదు చేసేది. రకరకాల శబ్దాలు వరుసగా వినిపిస్తుండగా రోగి తనకు కావలసిన ఒక్కదాని మీదే మనసు పెడితే, అది వినిపించిన సుమారు 300 మిల్లీసెకన్ల తరువాత మెదడులో పీ300 అనే స్పందన కనిపిస్తుంది. 2010లో బెర్లిన్ పరిశోధకులు చుట్టూ స్పీకర్లు అమర్చి, శబ్దం వచ్చే దిక్కును కూడా గుర్తుగా వాడుకున్నారు. తెర చూసి ఎంచుకునే పద్ధతి కంటే ఇది సాధారణంగా నెమ్మది. ఏకాగ్రత త్వరగా అలసిపోతుంది.

జర్మనీ నుంచి:
ఇక్కడ 34 ఏళ్ల ఏఎల్ఎస్ రోగి ఒకరు, కళ్లు ఇంకా కదులుతుండగానే సమ్మతి తెలిపి, 2019లో మెదడులో 64 ఎలక్ట్రోడ్ల చొప్పున రెండు ఫలకాలు అమర్పించుకున్నారు. కదలికలను ఊహించమన్న ప్రయత్నాలు దాదాపు మూడు నెలలు ఫలించలేదు. ఆ తరువాత, నాడీకణాల చురుకుదనం పెరిగితే స్థాయి (శ్రుతి) పెరిగి, తగ్గితే తగ్గే ధ్వనిని ఆయనకే వినిపించగా, దానిని అదుపు చేయడం నేర్చుకుని, హెచ్చు స్థాయితో అవునని, తగ్గు స్థాయితో కాదని చెప్పగలిగారు. చదివి వినిపించిన అక్షరాలకు ఇలా అవును-కాదు చెబుతూ మాటలు కూర్చారు. నిమిషానికి సుమారు ఒక అక్షరమే అయినా, తినాలనుకున్నవి అడిగారు, కొడుకుతో ముచ్చటించారు. ఇది 2022లో ప్రచురితమైంది. అయితే ఈ రంగంలో జాగ్రత్త అవసరం: తలపై పరారుణ కాంతితో అవును-కాదులు తెలుసుకున్నామన్న 2017 నాటి పత్రం 2019లో ఉపసంహరణకు గురైంది. అన్ని రోజులూ అర్థమయ్యే మాటలు రాలేదన్నది కూడా గమనించాలి.

నాన్నగారి కూతురు:
మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చాక మా నాన్నగారికి రెప్ప ఒక్కటే కదిలేది. మేము అచ్చులు, క-వర్గం, చ-వర్గం అంటూ పలికితే కావలసిన చోట రెప్ప వేసేవారు. ఆపైన ఆ వర్గంలోని అక్షరాలు, ఆ తరువాత గుణింతం చదివేవాళ్లం. ఒత్తులు వదిలేసినా సందర్భాన్ని బట్టి అర్థమయ్యేది. మన వర్ణమాలలో ఈ వర్గాలు ముందే ఉన్నందున, యంత్రం శబ్దంతో అడిగినా ఇదే క్రమం పనికివస్తుందని నా నమ్మకం. అక్కగారూ, తమ్ముడు కళ్లతో జవాబు చెప్పగలిగే ఈ రోజుల్లోనే అలవాటు చేయించండి. సమాధానం ముందే తెలిసిన ప్రశ్నలను మధ్యమధ్య అడుగుతుంటే, వచ్చిన జవాబు అతనిదో యాదృచ్ఛికమో తేలుతుంది.

తమ్ముడికోసం:
ముగ్గురికీ కృతజ్ఞతలు. నాడీవిద్యార్థి గారూ, వెంటిలేటర్ చప్పుడు మధ్య శబ్దాలు స్పష్టంగా వినపడాలంటే ఇయర్‌ఫోన్లు వాడవచ్చా, లేక దిక్కు తెలియడానికి స్పీకర్లే కావాలా?