కాలనీ ఖాళీ స్థలంలో పార్కా, ఫంక్షన్ హాలా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఒక చిన్న లేఅవుట్. మొత్తం మూడెకరాలు, 60 ప్లాట్లు. ఇరవై ఏళ్ళ కింద మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాటుకు ఒక ఇల్లు. ఇప్పుడు మీద రెండేసి అంతస్తులు లేచి, బాడుగకున్నవాళ్ళతో కలిపి 140 కుటుంబాలయ్యాయి. మధ్యలో పార్కుకని వదిలిన 1450 గజాల స్థలం మాత్రం అట్లే పడి ఉంది. కంపచెట్లు, రెండు వేపచెట్లు, ఎవరో పోసి మరిచిపోయిన ఇసుక కుప్ప, టైర్లలో గాలి లేని ఒక పాత కారు.

వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగు. సగం మంది అక్కడ ఫంక్షన్ హాలు కడదాం, బాడుగలొస్తాయి అంటున్నారు. నేను పార్కు అన్నాను. "పార్కు వల్ల ఏమొస్తుంది సార్?" అని ఒకాయన అడిగాడు. గబాల్న ఏమీ తోచక "గాలొస్తుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఈసారి కాస్త గట్టిగా మాట్లాడాలని ఉంది. మీ వీధిలో పార్కు ఉంటే దానివల్ల ఏం జరిగిందో, మంచో చెడో, ఉన్నదున్నట్టు చెప్పండి.

చెనక్కాయ:
తిరుపతిలో కల్యాణ మండపాలకు కొదవా అన్నా? ముహూర్తాల రోజుల్లో ఇప్పటికే ఆటో కదలదు. ఇంక మీ బెడ్రూము కిటికీ పక్కనే బ్యాండు మేళం కావాలా!

కొర్లగుంట అక్క:
మా నాయన సంగతి చెబుతాను. మూడేళ్ళ కింద అమ్మ పోయింది. ఆ తర్వాత ఆయన టీవీ ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. ఏం చూస్తున్నారని అడిగితే తెలిసేది కాదు. పక్కింటాయన బలవంతంగా ఒకరోజు ప్రకాశం పార్కుకు తీసుకెళ్ళాడు. మొదటి వారం విసుక్కుంటూనే పోయారు. రెండో వారం నుంచి నాలుగున్నరకే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవారు.

అక్కడ ఆయన వ్యాయామం చేసిందేమీ లేదు. ఒక బెంచీ, నలుగురు ముసలివాళ్ళు, పింఛను కబుర్లు, మోకాళ్ళ నొప్పులు, రాజకీయం. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు పోలేదు. మూడో రోజు సాయంత్రం ఆ నలుగురూ బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేశారు. అమ్మ కర్మకాండలు అయ్యాక మా నాయన కోసమని మా గడప తొక్కిన మొదటి మనుషులు వాళ్ళే. మేం పిల్లలం ఆయనకు మందులిచ్చాం, అన్నం పెట్టాం, ఫోను కొనిచ్చాం. ఆ బెంచీ ఇచ్చింది మా వల్ల కాలేదు.

మీ మీటింగులో ఇది చెప్పండి. లెక్కల్లోకి రాదు గానీ చెప్పండి.

షిఫ్ట్ నర్సు:
అక్క చెప్పిన దానికి నా వైపు నుంచి కొంచెం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే చాలు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు మేం రోజూ చెప్పే మాటే ఇది. వాళ్ళు తిరిగి అడిగేది కూడా ఒకటే: "ఎక్కడ నడవమంటావమ్మా?" రోడ్డు మీద కుక్కలు, రాంగ్ రూటులో వచ్చే బైకులు, ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి. అరవై దాటిన మనిషి కింద పడి తుంటి విరిగితే ఇంక నడక మాటే ఉండదు.

ఇంకొకటి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన ఒక పరిశోధన అచ్చు వేశాడు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 46 మందే కాబట్టి మరీ పెద్ద లెక్క చేయొద్దు. కానీ నైట్ డ్యూటీ దిగాక బస్టాపు పక్కనున్న కానుగ చెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటే నా తలనొప్పి తగ్గుతుంది. దానికి రికార్డులు లేవు.

కేశవాయనగుంట మామ:
అందరూ తీపి మాటలే చెబుతున్నారు, నేను చేదు చెబుతా. ఒక కాలనీలో మా అల్లుడు ఉంటాడు. అక్కడ పార్కు కట్టారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు, కసరత్తు యంత్రాలు బిగించారు. ఆరు నెలలకు సైకిలు యంత్రానికి పెడళ్ళు లేవు, ఊయలకు గొలుసు లేదు. చీకటి పడితే సీసాలు. ఆడపిల్లలు ఆ పక్క నుంచి పోవడమే మానేశారు. పార్కు లేనప్పుడే నయం అని మా కూతురు అంటుంది.

పైగా మనకు ఊరి వెనకే శేషాచలం ఉంది. కపిలతీర్థం ఉంది, యూనివర్సిటీ గ్రౌండ్లు ఉన్నాయి. 1450 గజాల్లో నాలుగు మొక్కలు పెట్టి దాన్ని అడవి అనుకోవాలా? హాలు కడితే వచ్చే బాడుగతో వాచ్‌మనుకు జీతమైనా ఇవ్వొచ్చు.

మెట్లదారి:
మామా, మీ వాచ్‌మను మాట నిజం. కొండ మాట మాత్రం ఒప్పుకోను. నేను వారానికోసారి అలిపిరి నుంచి ఎక్కుతాను. 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2388. స్వామి దయ వల్ల నా మోకాళ్ళు బాగున్నాయి. మా అమ్మ మా మేడ మెట్లు పద్దెనిమిది ఎక్కడానికే మధ్యలో ఆగుతుంది. ఆమెకు "కొండ ఉంది కదా" అని ఎట్లా చెప్పేది?

అడవి అడవే. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడికి చిన్నపిల్ల చనిపోయాక పిల్లలతో ఎక్కేవాళ్ళకు వేళలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. యూనివర్సిటీ వైపు కూడా చిరుత కనిపించిందని అప్పుడప్పుడూ వాట్సాప్‌లో వస్తుంది. నాతో నడిచే ఇద్దరు ఆ టెన్షన్‌తో తెల్లవారుజామున పోవడం మానేసి, బాగా వెలుతురు వచ్చాకే పోతున్నారు. మే నెలలో వెలుతురు వచ్చిందంటే ఎండ వచ్చినట్టే కదా.

1600 మీటర్లు:
కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. మాకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. రూములో ఐదుగురం. ప్రాక్టీసుకు రోజూ నాలుగు కిలోమీటర్లు బండి మీద పోయి గ్రౌండులో పరుగెత్తి వస్తాం. తారురోడ్డు మీద పరుగెత్తి ఒకడికి పిక్క ఎముక నొప్పి పట్టుకుంది, రెండు నెలలు పోయాయి. మీ కాలనీలో మట్టి దారి ఒకటి ఉంచండి అన్నా, మాలాంటోళ్ళు ఉదయం ఐదుకే వచ్చి ఆరున్నరకు పోతారు. మేం ఉన్నంతసేపు సీసాల బ్యాచీ రాదు, అది గ్యారంటీ.

టేపు సార్:
నేను ప్లాన్లు గీసే పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. "పార్కా, హాలా" అని మీరు ఓటింగు పెట్టుకుంటున్నారు గానీ, ఆ స్థలం మీదో కాదో ముందు చూసుకున్నారా?

అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. మూడెకరాలంటే 14,520 గజాలు, మీ 1450 సరిగ్గా సరిపోయింది. అంటే మీ లేఅవుట్ వేసినాయన రూలు పాటించాడు. ఈ ఖాళీ స్థలాన్నీ రోడ్లనూ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసిచ్చేస్తారు. అట్లా రాసిచ్చి ఉంటే అది అసోసియేషన్ ఆస్తి కాదు, ఫంక్షన్ హాలు కట్టి బాడుగ తినే హక్కు ఎవరికీ లేదు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అప్రూవ్డ్ ప్లాను, గిఫ్ట్ డీడ్ కాపీలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కోర్టుల సంగతి కూడా చెప్పాలి. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చారు. అక్కడి జనం కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు. ఆసుపత్రికే ఇవ్వకూడదన్నారు, పెళ్ళి భోజనాలకు ఇస్తారా? పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఏర్పాటు చేయడం మునిసిపాలిటీల పనుల్లో ఒకటని 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పన్నెండో షెడ్యూల్లోనే రాసి ఉంది. కాబట్టి ఖర్చంతా మీరే పెట్టుకోవాలని కూడా లేదు, అర్జీ పెట్టండి.

చివరగా ఒక లెక్క. పట్టణాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని 2014లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. 10 చదరపు మీటర్లంటే సుమారు 12 చదరపు గజాలు. మీవి 140 కుటుంబాలు, ఇంటికి నలుగురేసి 560 మంది. మీ 1450 గజాలు పంచితే మనిషికి రెండున్నర గజాలు. ఒక చాప పరిచి పక్కన చెప్పులు విడిచేంత. ఆ చాప కూడా లాక్కుంటామంటున్నారు మీవాళ్ళు.

వేపచెట్టు:
సార్, ఇది నాకు అసలు తెలియదు. రేపే అర్జీ పెడతాను. ఆ చాప లెక్క మీటింగులో వాడుకోవచ్చా?

టేపు సార్:
వాడుకోండి. కానీ ముందు టేపు పట్టుకుని స్థలం కొలవండి. పక్క ప్లాటువాళ్ళు గోడ కొంచెం కొంచెం ముందుకు జరిపి ఉంటారు, నా అనుభవం.

కొర్లగుంట అక్క:
మామా, ఒకటి అడుగుతా కోపం తెచ్చుకోకండి. మీది కేశవాయనగుంట, మాది కొర్లగుంట, ఆ పక్కన తాతయ్యగుంట. ఇన్ని గుంటలున్న ఊళ్ళో ఇప్పుడు ఎన్ని గుంటల్లో నీళ్ళున్నాయి? 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళు ఖాళీ చేయించారు. మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, మా స్కూటరు రెండు రోజులు మునిగే ఉంది. మట్టి ఉన్న చోట వాన ఇంకుతుంది, సిమెంటు మీద ఇంకదు. ఇరుకు కాలనీలో మిగిలిన ఆ ఒక్క మట్టి ముక్క మీద కూడా హాలు కట్టేస్తే ఆ నీళ్ళు ఎవరి ఇంట్లోకి వస్తాయో అడగండి.

కేశవాయనగుంట మామ:
కోపమేం లేదమ్మా. మా చిన్నప్పుడు వానాకాలంలో ఎక్కడ చూసినా కప్పల అరుపులే. ఇప్పుడు ఒక్క కప్ప లేదు. సరే. కానీ నా వాచ్‌మను ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

కట్టమంచి గట్టు:
చిత్తూరు నుంచి. మాది కట్టమంచి, సి.ఆర్. రెడ్డి గారి ఊరు. చెరువు గట్టు వైపు మేం ఆరుగురు ఆడవాళ్ళం కలిసి నడుస్తాం. మామ గారి ప్రశ్నకు నా జవాబు: జనమే వాచ్‌మను. ఆడవాళ్ళు, పిల్లలు వచ్చే చోటికి తాగేవాళ్ళు రారు. ఆడవాళ్ళు రావాలంటే ఏం కావాలో మాత్రం ఎవరూ మమ్మల్ని అడగరు.

లైట్లు కావాలి. తలుపుకు గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలి. గోడ నడుము ఎత్తుకు మించకూడదు, లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనబడాలి. ఎత్తు గోడ కట్టి గేటుకు తాళం వేస్తేనే అది సీసాల అడ్డా అవుతుంది. మా చెల్లెలు ఉండే చోట పార్కుకు పదింటికి తాళం వేసి సాయంత్రం నాలుగింటికి తీస్తారు. ఇంటిపని అయ్యి ఆమెకు తీరిక దొరికేది పదకొండుకు! నీడలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకోవడానికైనా పనికి రావాలి కదా అది.

ఇంకొకటి, దయచేసి మొత్తం టైల్స్ పరచొద్దు. మధ్యాహ్నం కాలి నాలుగు దాటేదాకా సెగ కొడతాయి, వానొస్తే జారతాయి. అది పార్కు కాదు, ఇంకొక మిద్దె.

మెట్లదారి:
ఆ వేపచెట్లను మాత్రం కొట్టనివ్వకండి. కొత్తగా తెచ్చి పెట్టే మొక్క నీడ ఇవ్వడానికి పదేళ్ళు పడుతుంది.

చెనక్కాయ:
మొదట జోకు వేసి పోయాను, ఇప్పుడు అసలు సంగతి. నాకు ఈ పేరు ఊరికే రాలేదు. మా అమ్మ పదకొండేళ్ళు ఒక పార్కు గేటు బయట ఉడకబెట్టిన చెనక్కాయలు, మసాలా బొరుగులు అమ్మింది. ఆదివారం, సెలవుల్లో బేరం బాగుండేది. వాన రోజు ఏమీ ఉండదు. నా డిగ్రీ ఫీజు, మా అక్క పెళ్ళిలో సగం ఖర్చు ఆ గంప నుంచే వచ్చాయి. అమ్మ పక్కన బెలూన్ల ఆయన, చెరుకు రసం బండి, చెప్పులు కుట్టే తాత. నలుగురి ఇళ్ళు గడిచేవి.

"పార్కు వల్ల ఏమొస్తుంది" అన్నాయన బాడుగ లెక్క అడిగాడు కాబట్టి చెబుతున్నా. హాలు బాడుగ అసోసియేషన్ ఖాతాలోకి పోతుంది. పార్కు వల్ల వచ్చేది ఇట్లా నలుగురి ఇళ్ళకు పోతుంది. మీ పార్కు పెట్టినప్పుడు గేటు బయట ఒక గంపకు చోటు వదలండి, తరిమేయకండి.

షిఫ్ట్ నర్సు:
చెనక్కాయ తమ్ముడూ, మీ అమ్మగారికి నమస్కారం చెప్పు.

వేపచెట్టు:
మీటింగు అయింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది చెబుతాను.

టేపు సార్ చెప్పినట్టు శనివారమే కొలిచాం. పొడవు 50 గజాలు, వెడల్పు 29 గజాలు. ఎవరూ గోడ జరపలేదు, సార్ ఈసారి ఓడిపోయారు. చుట్టూ నడిస్తే సుమారు 144 మీటర్లు, ఏడు రౌండ్లు కొడితే కిలోమీటరు. 1600 మీటర్ల తమ్ముడికి పదకొండు రౌండ్లు, కొంచెం మిగులు.

గిఫ్ట్ డీడ్ మాట ఎత్తగానే హాలు అన్నవాళ్ళలో ఇద్దరు మెత్తబడ్డారు. మిగతావాళ్ళు కాగితాలు వచ్చాకే మాట్లాడదాం అన్నారు. అర్జీ పెట్టేశాను. ఈలోగా కంప కొట్టించడానికి ఇంటికి 100 రూపాయలు వేసుకోవడానికి ఒప్పుకున్నారు, ఆదివారం సాయంత్రానికే 92 ఇళ్ళు ఇచ్చేశాయి. సోమవారం జేసీబీ వచ్చి రెండు గంటల్లో కంప, ఇసుక ఎత్తేసింది. వేపచెట్లు భద్రం. మంగళవారం పొద్దున్నే చూస్తే పిల్లలు మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ మొదలెట్టేశారు, మేం ఇంకా పార్కు అనే పేరు కూడా పెట్టలేదు.

"ఏమొస్తుంది సార్" అన్నాయన నిన్న సాయంత్రం ఫోను చేశాడు. మళ్ళీ హాలు గొడవేమో అనుకున్నా. కాదు. మనవడి బంతి ఆ పాత కారు కిందికి దొర్లితే తీయలేకపోతున్నాడట, ముందు ఆ కారు తీయించండి అన్నాడు. ఆ కారు ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు.