అప్‌డేట్: ఆ చిత్తడిలో పసుపు పూల సంగతి తేలింది

పోయిన వారం అడిగాను కదా, మిషిగన్‌లో మా ఇంటి వెనక వాగు పక్కన బురదలో గుత్తులు గుత్తులుగా పసుపు పూలు పూశాయి, ఆకు గుండ్రంగా నున్నగా ఉంది, మా అమ్మ పప్పులో వేద్దామంటోంది, ఏం మొక్క ఇది అని. అది మార్ష్ మారిగోల్డ్. పేరులో మారిగోల్డ్ ఉన్నా మన బంతికి దీనికీ చుట్టరికం లేదు, ఇది బటర్‌కప్ కుటుంబం, ఆ లెక్కన మన నల్ల జీలకర్రకి దూరపు బంధువు (ఇది విని అమ్మకి ఇంకా ధైర్యం వచ్చింది, అది వేరే కథ).

లెస్సర్ సెలండైన్ (ఇలాగే పసుపు పూలు పూసే ఇంకో మొక్క) కావచ్చు, అది ఇక్కడ దురాక్రమణ మొక్క, అంటే బయటినుంచి వచ్చి ఇక్కడి మొక్కల చోటు ఆక్రమించేది, పీకెయ్యమని కొందరన్నారు. టెన్షన్ పడి పువ్వు తిప్పి చూశాను. సెలండైన్‌కి పువ్వు కింద మూడు చిన్న ఆకుపచ్చ రేకులుంటాయి, మట్టిలో బుడిపెల్లాంటి దుంపలుంటాయి. మాదాంట్లో రెండూ లేవు. పైగా ఇందులో పూరేకుల్లా కనిపించేవి అసలు రేకులే కాదట, మొగ్గని కప్పి ఉంచే రక్షక పత్రాలే పసుపు రంగులో ఉంటాయి! కాబట్టి ఇది ఇక్కడి సొంత మొక్కే, పీకలేదు.

పప్పు మాత్రం క్యాన్సిల్. పచ్చి ఆకులో ప్రోటోఅనెమోనిన్ అనే విషం తయారవుతుంది, రసం తగిలితే చర్మం బొబ్బలెక్కొచ్చు. పాతకాలంలో ఇక్కడివాళ్లు నీళ్లు మార్చి మార్చి ఉడకబెట్టి తినేవాళ్లట. అంత కష్టమెందుకమ్మా, పాలకూర తెస్తానన్నాను.