“నీ రాకపోకలయందు”: రాక ముందా, పోక ముందా?

వచ్చే వారం ఇథియోపియా వెళ్తున్నాను. రెండేళ్ళపాటు అక్కడ ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పాలి. వీసా వచ్చింది, ఎల్లో ఫీవర్ టీకా కార్డు కూడా చేతికొచ్చింది. టెన్షన్ మాత్రం తగ్గలేదు. మొన్న శుక్రవారం ఉపవాస కూడికలో “నన్ను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి” అని అడిగాను. అందరూ అనే మాటే, నేనూ అన్నాను. నా పేరు కూడా సరిగ్గా తెలియని ఒక పెద్దావిడ లేచి, నా నెత్తిన చెయ్యి పెట్టి బైబిల్లోని 121వ కీర్తన చూడకుండా చెప్పారు. ఆఖరి వచనం: “ఇది మొదలుకొని నిరంతరము నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును.”

ఇంటికొచ్చాక ఆ వచనాన్ని వేరే భాషల్లో చూశాను. హీబ్రూలో ముందు వెళ్ళడం, తర్వాత రావడం. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లోనూ అంతే. తెలుగులో మాత్రం రాక ముందుంది. నేనింకా బయల్దేరనే లేదు, ఆవిడ నా రాక గురించి ముందు చెప్పేశారు! అనువాదకులు కావాలనే అలా మార్చారా?

జవాబు: కావాలని కాదండీ. మనకు జంటమాటే అది. రాకపోకలు, రానూపోనూ ఛార్జీలు. ‘పోకరాకలు’ అని ఎవరంటారు? తమిళ బైబిల్లో అదే చోట ‘పోక్కు’ ముందు, ‘వరత్తు’ తర్వాత. వాళ్ళ వాడుక మాట కూడా ‘పోక్కువరత్తు’ కాబట్టి మూలం వరస అలాగే కుదిరిపోయింది.

జవాబు: జంటమాట సరే, గడప దాటేటప్పుడు “వెళ్తున్నా” అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. “వెళ్ళొస్తా” అనేదాకా చెప్పుల దగ్గరే నిలబెట్టేది. వ్యాకరణంతో పాటు ఆ బెంగని కూడా లెక్కలో వేసుకోండి.

జవాబు: మాది హైదరాబాద్ పాతబస్తీ. మా తమ్ముడు దుబాయ్ వెళ్ళేటప్పుడు అమ్మ వాడి దండచేతికి ప్రయాణ రక్షగా ఇమామ్ జామిన్ కట్టింది. గుడ్డలో ఒక నాణెం. క్షేమంగా చేరాక ఆ డబ్బు దానం చెయ్యాలి. సెలవు తీసుకునేటప్పుడు మేమనే ‘ఖుదా హాఫిజ్’లో హాఫిజ్ అంటే కాపాడేవాడు. మీ వచనంలోనూ ‘కాపాడును’ అనే ఉంది కదా.

నేను: అవునండీ. ఎనిమిదే వచనాల ఆ కీర్తనలో హీబ్రూ ‘షామర్’ (కాపాడు) ధాతువు ఆరుసార్లు వస్తుంది. అందులో ఒకటి “కాపాడువాడు కునుకడు నిద్రపోడు” అన్న చోట. ‘నిద్రపోడు’ అంటే చాలుగా, కునుకు కూడా ఎందుకనుకునేదాన్ని. రాత్రి రెండింటికి ఈ జవాబు రాస్తుంటే తెలుస్తోంది. నాయనమ్మ గారి మాట పట్టుకుని చెప్తున్నా, వెళ్ళొస్తానండీ. రెండు సూట్‌కేసులూ ఇంకా మంచం మీదే ఉన్నాయి.