కేస్ షీట్‌లో డాక్టర్లు రాసే పొట్టి అక్షరాలు: మీకు ఎదురైనవి చెప్పండి

నెల్లూరు_పెద్దోడు
నాన్నగారికి డెంగీ వస్తే అడ్మిట్ చేశాం, దేవుడి దయవల్ల తగ్గింది, ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు టెన్షనంతా ఇన్సూరెన్స్‌తోనే. డిశ్చార్జ్ సమ్మరీ రెండో లైన్లో "కే/సీ/ఓ హెచ్‌టీఎన్ 5 ఇయర్స్" అని ఉంది. అడ్మిట్ చేసిన రాత్రి డ్యూటీ డాక్టర్ బీపీ, షుగర్ ఏమన్నా ఉన్నాయా అని అడిగితే పక్కనున్న బాబాయి "బీపీ ఉందండీ, నాలుగైదేళ్ల నుంచి" అని అంచనాగా చెప్పేశాడు. నాన్న బీపీ మాత్ర మొదలుపెట్టింది పోయినేడు, పాలసీ తీసుకుంది అంతకుముందే. కానీ కంపెనీ వాళ్లు పాత జబ్బు దాచిపెట్టారని క్లెయిమ్ ఆపేశారు. డెంగీకీ బీపీకీ సంబంధం ఏంటంటే జవాబు లేదు. అసలు ఈ అక్షరాలు ఎవరు రాస్తారు, తప్పు పడితే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి, మీకు జరిగినవి కూడా రాయండి.

వార్డు_సిస్టర్_బెజవాడ
పెద్దోడు గారూ, కే/సీ/ఓ అంటే 'నోన్ కేస్ ఆఫ్', అంటే ఆ జబ్బు ముందే ఉందని తెలుసు అని. హెచ్‌టీఎన్ బీపీ. సీ/ఓ అని ఉంటే పేషెంటు చెప్పుకున్న బాధ, హెచ్/ఓ అంటే గతంలో జరిగినది, ఓ/ఈ అంటే డాక్టర్ స్వయంగా పరీక్ష చేసి చూసినది. చివరిది తప్ప మిగతావన్నీ ఎక్కువగా నోటిమాట మీద రాసేవే. క్యాజువాల్టీలో అటెండర్, అంటే పేషెంటు వెంట వచ్చినవాళ్లు, చెప్పింది చెప్పినట్టు ఎక్కుతుంది, పొద్దున రౌండ్స్‌లో దాన్నే మళ్లీ రాస్తారు, సమ్మరీ టైప్ చేసేవాళ్లు దాన్నే దించుతారు, మూడు చోట్ల కనబడేసరికి అది నిజమైపోతుంది. మీరు చేయాల్సింది ఏంటంటే, మొదటిసారి బీపీ మాత్ర రాసిన ఓపీ చీటీ తేదీతో సహా పట్టుకెళ్లి ట్రీట్ చేసిన డాక్టర్‌కి చూపించి, ఆ ఐదేళ్ల మాట ఎలా వచ్చిందో లెటర్‌హెడ్ మీద రాయించుకుని సంతకం, స్టాంపు వేయించుకోండి. పాత షీట్ మీద కొట్టేసి దిద్దమని మాత్రం అడగొద్దు, దిద్దుడు కనబడితే ఇంకా అనుమానం. చదివేవాళ్లందరికీ ఒక మాట: డిశ్చార్జ్ రోజు బిల్లు కౌంటర్ దగ్గర హడావుడి పడకుండా సమ్మరీ డ్రాఫ్ట్ అడిగి చదవండి, సంతకం పడకముందు మార్చడం చాలా సులువు.

ఓరుగల్లు_కోడలు
నాది వేరే బాధ. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్ రిపోర్టు మీద "జీ3 పీ1 ఎల్1 ఏ1" అని వచ్చింది. జీ అంటే ఎన్నోసారి గర్భం, పీ కాన్పులు, ఎల్ బతికున్న పిల్లలు, ఏ అంటే అబార్షన్. నాకు రెండోది మూడో నెలలో దానంతటదే పోయింది, ఆ ఏడుపు నాకే తెలుసు. మా చుట్టాల్లో ఒకమ్మాయి కాగితం చూసి ఏ అంటే అబార్షన్ అత్తమ్మా అని చెప్పింది, మా ఇంట్లో అబార్షన్ అంటే తీయించుకోవడమే. ఇక మొదలైంది, మాకు చెప్పకుండా తీయించుకున్నావా అని. నేనెంత చెప్పినా వినలేదు, చివరికి డాక్టరమ్మే అత్తమ్మను కూచోబెట్టి, తనంతట పోయినా తీయించుకున్నా మేం ఒకే అక్షరం రాస్తామమ్మా అని చెప్పాక చల్లబడింది. ఈ అక్షరం పక్కన ఇంకొక్క మాట రాస్తే ఏం పోతుంది? మా తోడికోడలి కాగితం మీద 'బీఓహెచ్' అని ఉంది, బ్యాడ్ ఆబ్స్టెట్రిక్ హిస్టరీ అట. రెండుసార్లు బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆ బ్యాడ్ అన్న మాట చూసి ఎట్లా తట్టుకుంటుంది చెప్పండి.

డల్లాస్_సిక్కోలు
ఇక్కడ అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి డాక్టర్ రాసిన నోట్స్ దాదాపు అన్నీ పేషెంటుకి ఆన్‌లైన్లో వెంటనే కనబడాలని రూల్. అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు రాత్రి ఆయాసం వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. నోట్స్‌లో "ఎస్‌ఓబీ" అని చూసి తమ్ముడు మండిపడ్డాడు, ఇక్కడ ఆ మూడు అక్షరాలు తిట్టు మరి. నిజానికి షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్, ఊపిరి ఆడకపోవడం. నన్ను బాధపెట్టింది అది కాదు, కింద "డినైస్ చెస్ట్ పెయిన్, పూర్ హిస్టోరియన్" అని రాశారు. డినైస్ అంటే బుకాయించిందని కాదు, అడిగితే లేదంది అని మాత్రమే. అమ్మని నొప్పి ఉందా అని అడిగారు, లేదంది. ఎందుకంటే ఆవిడకి ఉన్నది నొప్పి కాదు, "గుండెల మీద రాయి పెట్టినట్టు బరువుగా ఉందిరా" అని నాతో తెలుగులో స్పష్టంగా చెబుతూనే ఉంది. ఆ బరువే గుండె డాక్టర్లు మొదట వినాల్సిన మాట. అలాంటి మనిషిని సరిగ్గా చెప్పలేని పేషెంటు అని రాస్తారా! ఇక్కడ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో ఉచితంగా ఇవ్వాలి, తప్పకుండా అడగండి, పిల్లలు పక్కనున్నారు కదా అని వదలొద్దు. నోట్స్ సవరించమని రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది, మామూలుగా 60 రోజుల్లో జవాబివ్వాలి. నేను పెట్టాను, అమ్మ మాటలు నోట్‌లో చేర్చారు.

తెనాలి_మెడికల్స్
మందుల చీటీ సంగతి నేను చెబుతా. ఓడి రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. ఇబ్బందంతా ఎస్‌ఓఎస్‌తో. అవసరమైతే వేసుకోమని దానర్థం, కానీ జనం ప్రాణం మీదికొస్తేనే వేసుకోవాలనుకుంటారు. మోకాలి ఆపరేషనైన ఒక పెద్దావిడ నొప్పి మాత్రల స్ట్రిప్ కదపకుండా రాత్రంతా మూలుగుతూ పడుకుందని కొడుకు చెబితే కడుపు తరుక్కుపోయింది. అప్పట్నుంచి కవరు మీద "నొప్పి ఉంటే వేసుకోవచ్చు, రోజుకి ఇన్నికి మించొద్దు" అని తెలుగులో రాసిస్తున్నా. ఇంకోటి, కంటి చుక్కల చీటీలో ఓడి అని ఉంటే కుడి కన్ను అని కూడా కావచ్చు, అడక్కుండా వేయొద్దు.

వార్డు_సిస్టర్_బెజవాడ
కరెక్ట్ తెనాలి గారూ. ఇన్సులిన్‌కి కూడా యూనిట్లని పూర్తిగా రాయాలి, 10 పక్కన 'యూ' పెడితే అది సున్నాలా కనబడి 100 అని చదివే ప్రమాదం ఉంది.

కర్నూలు_చిన్నా
ఐసీయూ బయట కూర్చున్నవాళ్ల కోసం రాస్తున్నా. మా అన్నకి యాక్సిడెంటై వెంటిలేటర్ మీద ఉంటే రోజూ "స్టేబుల్" అన్నారు. మేం ఊరంతా ఫోన్లు చేసి బాగుంది, బాగుంది అని చెప్పుకున్నాం. స్టేబుల్ అంటే బీపీ, నాడి ప్రస్తుతానికి ఒకలా ఉన్నాయని మాత్రమే అట, అదీ మందులతో పట్టి ఉంచినా అదే మాట వాడతారట. అదే సమయంలో షీట్ మీద "పూర్ ప్రోగ్నాసిస్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు అటెండర్స్" అని రాసి మా బావతో సంతకం పెట్టించుకున్నారు, ఆయన రోజూ పెట్టే సంతకాల్లో ఇదొకటి అనుకున్నాడు. కోలుకునే ఆశ తక్కువ అని దాని అర్థం. అన్న దక్కలేదు. దయచేసి సంతకం పెట్టేముందు ఇందులో ఏం రాశారో తెలుగులో చెప్పండి సార్ అని అడగండి, నాలుగు రోజులు ముందు తెలిసుంటే గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు చివరిచూపుకి వచ్చేవాడు.

వార్డు_సిస్టర్_బెజవాడ
చిన్నా, చాలా బాధగా ఉంది. మీరన్నది నిజం. మిగతావాళ్లకి: స్టేబుల్ అన్నప్పుడు "మందులు, మెషిన్ తీసేస్తే ఎలా ఉంటుంది? నిన్నటికన్నా ఈ రోజు మెరుగా?" అని ఈ రెండూ అడగండి.

నెల్లూరు_పెద్దోడు
అందరికీ థాంక్స్. సిస్టర్ గారు చెప్పినట్టే డాక్టర్ గారిని కలిశా, లెటర్ ఇచ్చారు. మొదటి రోజు కేస్ షీట్ కాపీ ఇవ్వడానికి రికార్డ్ సెక్షన్ వాళ్లు మొదట కుదరదన్నారు, మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కాగితం మీద రాసి ఇచ్చాక ఇచ్చారు. అందులో "యాజ్ పర్ అటెండర్" అని డ్యూటీ డాక్టర్ రాసే ఉంది, సమ్మరీలోకి ఎక్కేటప్పుడు ఆ మాట పోయింది! రెండూ జతచేసి కంపెనీకి మళ్లీ పంపా, చూడాలి. నాన్న గుండె స్కానింగ్ (ఎకో) రిపోర్టులో "ట్రివియల్ ఎంఆర్, ఈఎఫ్ 60%" అని ఉంది, ఇది కూడా ఏమన్నా జబ్బా సిస్టర్?

వార్డు_సిస్టర్_బెజవాడ
ఈఎఫ్ 60 అంటే గుండె పంపింగ్ నార్మల్. ట్రివియల్ ఎంఆర్ అంటే ఒక వాల్వ్ దగ్గర అతి కొద్దిగా రక్తం వెనక్కి రావడం, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనబడుతుంది. రిపోర్టు మాత్రం డాక్టర్ గారికి చూపించండి, సమ్మరీలో దాన్ని గుండె జబ్బుగా ఎక్కించారేమో అది కూడా చూసుకోండి.