మా అమ్మాయి క్వయర్ కండక్టర్ అవుతానంటోంది, ఈ దారి తెలిసినవాళ్ళు చెప్పండి

నేపర్‌విల్ అమ్మ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. ఆరో ఏట నుంచి పియానో నేర్చుకుంటోంది, పన్నెండేళ్ళు వచ్చేదాకా కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంది, తర్వాత స్కూల్లో క్వయర్‌లో, అంటే బృందగానంలో చేరింది, ఇక అప్పటినుంచి దానికి వేరే ధ్యాస లేదు. పోయిన ఏప్రిల్‌లో స్కూలు కచేరీలో వాళ్ళ టీచరుగారు ఒక పాటకి దాన్ని ముందు నిలబెట్టి నువ్వే నడిపించు అన్నారు. మూడు నిమిషాల పాట. చివర్లో అది వేళ్ళు దగ్గరికి మూసేసరికి అరవై మంది పిల్లలు ఒక్కసారి ఆగిపోయారు. కానీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, హాల్లో ఎవరూ కదల్లేదు. అది చెయ్యి దించాకే చప్పట్లు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను, ఒళ్ళు జలదరించింది.

ఆ రాత్రి భోంచేస్తూ చెప్పింది, కండక్టర్ అవుతానని, అంటే ముందు నిలబడి చేతులతో సంగీతం నడిపించే మనిషి. క్వయర్, వీలైతే ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం. మావారు కాదనలేదు, కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఇది పక్కన పెట్టుకోవచ్చుగా అన్నారు. మా ఆడపడుచు ఫోన్లో "చేతులు ఊపడానికి డిగ్రీ ఎందుకొదినా" అంది. నాకు కోపం వచ్చింది గానీ ఏం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే ఆ చేతులు ఊపడం వెనక ఏముందో నాకూ తెలీదు. ఈ పని చేసేవాళ్ళు ఎలా మొదలుపెడతారు, ఎక్కడ పనిచేస్తారు, ఆడపిల్లకి అవకాశం ఉంటుందా, బతుకుతెరువు ఎలా? కాలేజీ అప్లికేషన్లు దగ్గరపడుతున్నాయి, ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు దాచకుండా చెప్పండి.

బేస్ వరస:

నమస్తే అండీ. నేను ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్, కానీ పదకొండేళ్ళుగా మా ఊరి సింఫనీ క్వయర్‌లో బేస్ వరసలో, అంటే మగవాళ్ళ మంద్రమైన గొంతుల వరసలో పాడుతున్నాను. కండక్టర్ని కాను, కాకపోతే కండక్టర్ ఏం చేస్తాడో వారానికి మూడు గంటలు ఎదురుగా కూర్చుని చూస్తాను కాబట్టి ఆ సంగతి చెప్పగలను.

ముందు ఒకటి తెలుసుకోవాలి. పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి క్వయర్ పాడేటప్పుడు చాలాసార్లు ఇద్దరు కండక్టర్లు ఉంటారు. కచేరీలో ముందు నిలబడేది ఒకరు. అంతకుముందు వారాల తరబడి మాకు నేర్పి, మా చేత పాడించి, నోట్ దగ్గర్నుంచి ఊపిరి దాకా సరిచేసేది ఇంకొకరు, ఆ మనిషిని కోరస్ డైరెక్టర్ అంటారు. కచేరీ రోజు ఆయనో ఆవిడో హాల్లో ఎక్కడో కూర్చుని వింటారు, చివర్లో వేదిక మీదకి పిలిస్తే వచ్చి నమస్కారం పెడతారు. అంతే కనబడేది. "రెక్వియెమ్" అనే మాట (చనిపోయినవాళ్ళ కోసం పాడే ప్రార్థన) చివర ఉన్న "మ్" దగ్గర నూరు మంది పెదవులు ఎప్పుడు మూయాలి అన్నదాని మీద మేం ఒకరోజు పావుగంట పనిచేశాం. ఒకళ్ళు ముందు మూస్తే ఆ శబ్దం మసకబారిపోతుంది. వినేవాళ్ళకి ఆ పావుగంట సంగతి ఎప్పటికీ తెలీదు, అన్నీ కుదిరాయనిపిస్తుంది, అంతే.

మీరు షికాగో దగ్గరే ఉన్నారు కాబట్టి మీ అమ్మాయికి మార్గరెట్ హిల్లిస్ గురించి తప్పకుండా చెప్పండి. 1921లో ఇండియానాలోని కోకోమోలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేవీలో చేరిన కుర్రాళ్ళకి విమానం నడపడం నేర్పారు, తర్వాత ఇండియానా యూనివర్సిటీలో సంగీతం చదివారు. ఆవిడ కోరిక ఆర్కెస్ట్రా కండక్టర్ కావాలని. కానీ ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఆర్కెస్ట్రా ముందు ఎవరూ నిలబెట్టరు, క్వయర్ వైపు నుంచి వెళ్ళు అని గురువులే సలహా ఇచ్చారు. సరేనని న్యూయార్క్‌లో జూలియార్డ్ సంగీత కళాశాలకి వెళ్ళి క్వయర్ కండక్టర్ రాబర్ట్ షా దగ్గర నేర్చుకున్నారు, సొంతంగా ఒక క్వయర్ పెట్టుకున్నారు. దాన్ని విన్న ఫ్రిట్జ్ రైనర్, అప్పటి షికాగో సింఫనీ కండక్టర్, తమకి అలాంటిదే కావాలన్నారు. అలా 1957లో షికాగో సింఫనీ కోరస్ మొదలైంది. మొదట్లో ఆవిడ ప్రతివారం న్యూయార్క్ నుంచి వచ్చి వెళ్ళేవారు. 1958 మార్చిలో మోజార్ట్ రెక్వియెమ్, ముందు నిలబడింది బ్రూనో వాల్టర్, క్వయర్‌ని తయారుచేసింది హిల్లిస్.

తర్వాత ఇరవై ఏళ్ళకి, 1977 అక్టోబర్ 31న, న్యూయార్క్ కార్నెగీ హాల్లో మాలర్ ఎనిమిదో సింఫనీ. దాన్ని వేయిమంది సింఫనీ అని పిలుస్తారు, రెండు పెద్ద క్వయర్లు, పిల్లల క్వయర్, ఎనిమిది మంది సోలో గాయకులు, మహా ఆర్కెస్ట్రా. నడపాల్సిన షికాగో సింఫనీ కండక్టర్ సోల్టీ కిందపడి దెబ్బ తగిలి రాలేకపోయారు. చివరి నిమిషంలో హిల్లిస్ ఎక్కి నడిపారు. మర్నాడు అందరూ అదేదో అద్భుతం జరిగినట్టు రాశారు. నాకు మాత్రం అందులో ఆశ్చర్యం ఏమీ కనబడదు. ఆ స్కోరులో (స్వరాలన్నీ రాసి ఉండే పుస్తకంలో) క్వయర్ పాడే ప్రతి చరణం ఆవిడ నేర్పిందే కదా, ఆవిడకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? 1994 దాకా, అంటే ముప్పై ఏడేళ్ళు, ఆ కోరస్‌ని ఆవిడే నడిపారు. తొమ్మిది గ్రామీ అవార్డులు వచ్చాయి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. రాబర్ట్ షా కాలేజీలో చదివింది సంగీతం కాదు, సాహిత్యమూ మతాలూ. అలాంటి మనిషి అమెరికాలో క్వయర్లు పాడే తీరునే మార్చేశారు. ఆయన పద్ధతి ఒకటి మేం ఇప్పటికీ చేస్తాం. కొత్త పాట మొదలెట్టినప్పుడు సాహిత్యం పక్కన పెట్టేసి, స్వరం ఉన్నచోటే ఉంచి, మాటల బదులు "వన్ అండ్ టూ అండ్ టీ అండ్ ఫోర్ అండ్" అని అంకెలు పాడతాం, అదీ చాలా మెల్లిగా, గుసగుస అంత చిన్న గొంతుతో. త్రీ అంటే నాలుక మడతపడి ఆలస్యమవుతుందని "టీ" అంటారు. ఒక దీర్ఘస్వరం మూడు లెక్కలు ఉంటే ఆ మూడూ నోటితో పలకాలి, ఎవడూ దొంగతనంగా ముందు వదలడానికి లేదు. మీ అమ్మాయి కర్ణాటకం నేర్చుకుంది అన్నారు కాబట్టి దీని విలువ వెంటనే పట్టుకుంటుంది, తాళం చేతిలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. మావాళ్ళు దీనికి రెండు నెలలు తంటాలు పడ్డారు.

పియానో మెట్లు:

ఆలస్యంగా చూశాను, క్షమించండి. ఒపెరా వైపు సంగతి నేను చెప్తాను. మాది సికింద్రాబాద్, చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగాను, ఇప్పుడు జర్మనీలో ఒక ఊరి థియేటర్లో కొరెపెటీటర్‌ని. అంటే రిహార్సల్ పియానిస్టు. ఆర్కెస్ట్రా మొత్తాన్ని పియానో మీద వాయించాలి, గాయకులకి వాళ్ళ పాత్ర నేర్పాలి, రాని పాత్రధారి బదులు ఆ వరసలు నేనే పాడాలి, ఉచ్చారణ దిద్దాలి, మధ్యలో కండక్టర్ ఆపమన్నచోట ఆగి అడిగినచోట ఎత్తుకోవాలి. ఇక్కడ కండక్టర్లు చాలామంది ఈ పియానో దగ్గర్నుంచే పైకి వస్తారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒపెరా థియేటర్లు ఈ దేశంలో ఎనభై వరకు ఉన్నాయి, చిన్న ఊళ్ళలో కూడా, కాబట్టి పని నేర్చుకునే చోట్లు మిగతా దేశాలకంటే ఎక్కువ.

పైన సోల్టీ పేరు వచ్చింది. ఆయన బుడాపెస్ట్ ఒపెరాలో ఇదే పని చేశారు. 1937లో సాల్జ్‌బర్గ్‌లో టాస్కనీనీ అనే పెద్ద కండక్టర్‌కి సహాయకుడిగా రిహార్సల్స్ పియానో వాయించారు, మోజార్ట్ ఒపెరా ఒకదానిలో చిన్న గంటల్లా మోగే గ్లాకెన్‌స్పీల్ కూడా వాయించారు. యూదుడు కాబట్టి సొంత ఊళ్ళో కండక్టర్‌గా నిలబెట్టరు. ఎలాగో ఒక్క అవకాశం వచ్చింది, 1938 మార్చి 11న. సరిగ్గా ఆ రాత్రే ఆస్ట్రియా హిట్లర్ చేతికి పోతోందన్న వార్త. తర్వాత దేశం వదిలి స్విట్జర్లాండ్‌లో యుద్ధమంతా పియానో వాయించుకుంటూ గడిపారు. మ్యూనిక్ ఒపెరా బాధ్యత దొరికింది 1946లో. అంతసేపు చేతిలో బేటన్, అంటే కండక్టర్ పట్టుకునే కర్ర, దాదాపు లేదు, కానీ స్కోర్లన్నీ వేళ్ళలో ఉన్నాయి.

ఆ టాస్కనీనీ కూడా అంతే. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక ఇటాలియన్ ఒపెరా బృందంతో బ్రెజిల్ వెళ్ళారు, చెల్లో వాయించడానికీ, కోరస్ మాస్టర్‌కి, అంటే ఒపెరాలో కోరస్‌కి నేర్పే మనిషికి, సహాయకుడిగానూ. 1886లో రియోలో కండక్టర్లతో గొడవై, వచ్చినవాళ్ళని జనం గోల చేసి దించేస్తుంటే, బృందంలో వాళ్ళు ఈ కుర్రాణ్ణి నువ్వెక్కు అన్నారు. అయిదా అనే ఒపెరా మొత్తం స్కోరు చూడకుండా నడిపించారు. కోరస్‌కి రోజూ నేర్పినవాడికి అది కంఠస్థం కాకుండా ఎలా ఉంటుంది?

కోరస్ మాస్టర్ పని మీరు బయటి నుంచి చూడలేరు కాబట్టి ఒక్క రాత్రి సంగతి చెప్తాను. మడామ్ బటర్‌ఫ్లై అనే ఒపెరాలో ఒకచోట కోరస్ తెర వెనకనుంచి నోరు మూసుకుని హమ్ చేస్తుంది, మాటలు ఉండవు. ప్రేక్షకులకి వేదిక మీద ఎదురుచూస్తున్న బటర్‌ఫ్లై మాత్రమే కనబడుతుంది. వెనక చీకట్లో మా కోరస్ మాస్టర్ ఒక చిన్న మానిటర్ ముందు నిలబడి, అందులో పిట్‌లో (వేదిక ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంతలో) ఉన్న కండక్టర్ చెయ్యి చూస్తూ, తన చేతిలో చిన్న లైటు పట్టుకుని కోరస్‌ని నడుపుతాడు. కోరస్ గొంతు హాల్లోకి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి మానిటర్లో కనబడే దెబ్బకంటే వీళ్ళని వెంట్రుకవాసి ముందు నడపాలి. చెవికి తప్పు అనిపిస్తూ ఉంటుంది, అయినా నమ్మకంగా ముందే ఉండాలి. మొదటి ఏడు ఒకసారి ఆయనకి జ్వరం వచ్చి నాకు ఆ లైటు ఇచ్చారు. నేను చెవిని నమ్మాను. పిట్‌తో కలిసిపోయామనుకున్నాను, హాల్లో మేం వెనకబడ్డాం. ఎవరూ తిట్టలేదు గానీ ఇంటికెళ్ళి ఏడ్చాను. రెండో ప్రదర్శనకి సరిచేసుకున్నాను.

మీ అమ్మాయికి నా సలహా ఒకటే. కండక్టింగ్ గురించి తర్వాత, ముందు స్కూల్లో క్వయర్ రిహార్సల్స్‌కి పియానో వాయించమనండి. సోలో వాయించడం వేరు, పక్కవాళ్ళ ఊపిరి వింటూ వాయించడం వేరు. భాషలు కూడా, ఇటాలియన్, జర్మన్ ఇప్పటినుంచే మొదలెడితే మంచిది. ఇక్కడ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలా రాష్ట్రాల్లో ఫీజు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష మాత్రం గట్టిగా ఉంటుంది.

సగం దారి:

అందరూ మంచి మాటలే చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను, తప్పుగా అనుకోకండి. మా తమ్ముడు ఈ దారిలోనే ఉన్నాడు. అమెరికాలో బ్యాచిలర్స్‌లోనే కండక్టింగ్ అనేది చాలా తక్కువ చోట్ల ఉంటుంది. మ్యూజిక్ ఎడ్యుకేషనో, గాత్రమో, పియానోనో చదివి, మాస్టర్స్‌లో కోరల్ కండక్టింగ్‌కి వెళ్తారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలంటే మామూలుగా డాక్టరేట్ అడుగుతారు. పెద్ద సింఫనీ కోరస్ డైరెక్టర్ పోస్టులు ఒక్క చేతి వేళ్ళ మీద కాకపోయినా ఎక్కువేం ఉండవు, ఎక్కినవాళ్ళు హిల్లిస్‌గారిలా దశాబ్దాలు ఉంటారు. మరి మిగతావాళ్ళు? స్కూల్లో టీచరు, ఆదివారం చర్చిలో క్వయర్, సాయంత్రం ఊరి క్వయర్, ఈ మూడూ కలిపి ఇల్లు నడుస్తుంది. మా తమ్ముడు అలాగే నడుపుతున్నాడు, సంతోషంగానే ఉన్నాడు, కానీ శని ఆదివారాలు మాకు దొరకడు. అందుకని టీచర్ లైసెన్సు వచ్చే మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ చూడమంటాను. కంప్యూటర్ సైన్స్ పక్కన సంగీతం పెట్టుకోవచ్చనే మాట కూడా ఆలోచించదగ్గదే, కాకపోతే రెండూ పూర్తిస్థాయి పనులు, ఏదో ఒకటి నలుగుతుంది.

నేపర్‌విల్ అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రాత్రి మావారూ నేనూ అమ్మాయీ ముగ్గురం కూర్చుని చదువుకున్నాం. సగం దారి గారు, మీ మాటతో మావారు కాస్త నెమ్మదించారు, మ్యూజిక్ ఎడ్యుకేషన్ అయితే చూద్దాం అంటున్నారు. అమ్మాయి మాత్రం హిల్లిస్‌గారి దగ్గర ఆగిపోయింది. "అమ్మా, ఆవిడకి క్వయర్ అన్నది రెండో దారి, నాకు అదే మొదటి దారి" అంది. నేనేం అనలేదు.

ఒక ప్రశ్న. పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా మన దేశం నుంచే వెళ్ళారు కదా, ఆయన కూడా ఇలాగే క్వయర్ వైపు నుంచి వచ్చారా?

పియానో మెట్లు:

క్వయర్ కండక్టర్‌గా కాదండీ, కానీ క్వయర్‌లో పాడారు. 1954లో పద్దెనిమిదేళ్ళప్పుడు బొంబాయి నుంచి వియెన్నా వెళ్ళి స్వరోవ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కి బయటివాళ్ళని రానిచ్చేవారు కాదు. అందుకని ఆయనా, తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడో, ఇద్దరూ అక్కడి సింగ్‌ఫెరైన్ అనే క్వయర్‌లో బేస్ గొంతులుగా చేరిపోయారు. ఎదురుగా బ్రూనో వాల్టర్, కరాయాన్. పాడుతూనే వాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నారు. తర్వాత మెహతా ఫ్లోరెన్స్‌లో, మ్యూనిక్ ఒపెరాలో ఏళ్ళ తరబడి పనిచేశారు.

బేస్ వరస:

మా వరస నుంచేనన్నమాట! ఇది నాకు తెలీదు, చాలా సంతోషంగా ఉంది. రేపు రిహార్సల్‌లో మావాళ్ళకి చెప్తాను.

నేపర్‌విల్ అమ్మ:

చిన్న అప్‌డేట్. స్కూల్లో క్వయర్‌కి పియానో వాయించే అబ్బాయి జూన్‌లో గ్రాడ్యుయేట్ అయిపోతున్నాడట. అమ్మాయి ఇవాళ టీచరుగారి దగ్గరికెళ్ళి ఆ చోటు అడిగింది. శుక్రవారం వాయించి చూపించమన్నారు. ఇప్పుడే హాల్లో కూర్చుని ఒక చేత్తో ఆల్టో వరస (ఆడవాళ్ళ కింది స్థాయి గొంతులది) వాయిస్తూ, నోటితో వన్ అండ్ టూ అండ్ టీ అండ్ అని పాడుతోంది, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని తాళం వేస్తున్నారు.