విశ్వాసమొక్కటేనా, విశ్వాసమొకటేనా?

మల్లెపందిరి:
మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చర్చి గేటు మీద ఒక ఆర్చి ఉండేది. తెల్లసున్నం మీద నీలం రంగు అక్షరాలు. దాని మీద రాసినదాంట్లో నాకు గుర్తున్నది ఒకే ఒక్క మాట: "విశ్వాసమొక్కటే". ముందూ వెనకా ఇంకేదో ఉండేది, ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. మొన్న సంస్కరణ దినం (మార్టిన్ లూథర్ ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన రోజుని తలుచుకునే పండుగ) ఆరాధనలో అయ్యగారు ఈ మాటే ఎత్తుకుని, రక్షణకి విశ్వాసం ఒక్కటే చాలు, మన క్రియలతో పని లేదు అని గంటసేపు చెప్పారు. వింటున్నంతసేపూ ఎక్కడో తేడా కొట్టింది. ఆర్చి మీద ఉన్నది ఆ అర్థంలో కాదేమో. పైగా అది "ఒక్కటే"నా, "ఒకటే"నా అని ఇప్పుడు కొత్త అనుమానం. ఎవరైనా తేల్చండి బాబూ, వారం నుంచి ఇదే గోల.

గుంటూరు మిర్చి:
బైబిల్లో ఎఫెసీ పత్రిక 4:5 అండీ. "ప్రభువు ఒక్కడే, విశ్వాసమొక్కటే, బాప్తిస్మమొక్కటే." అది సంఘ ఐక్యత గురించిన అధ్యాయం. మనందరి విశ్వాసమూ ఒకటేనయ్యా, తన్నుకోకండి అంటున్నాడు పౌలు. విశ్వాసముంటే చాలు అనే మాటకి రోమా 3:28 ఉంది. మీ అయ్యగారు ఒక వచనం తీసి ఇంకో ప్రసంగానికి అతికించారు. నేనూ లూథరన్‌నే, అయినా తప్పు తప్పే.

అరసున్న:
తప్పు అయ్యగారిది కాదు, తెలుగుది. "కూరలో మిరపకాయ ఒక్కటే వేశాను" అంటే రెండో కాయ వెయ్యలేదనా, ఉప్పూ పసుపూ వెయ్యలేదనా? "మా ఇద్దరి ఊరూ ఒక్కటే" అన్నప్పుడు ఆ రెండూ కాక ఇంకో అర్థం. లెక్క, మినహాయింపు, సమానత్వం, మూడూ ఒకే మాటలో ఉన్నాయి. నొక్కి చెప్పడానికి మాట చివర చేర్చే ఆ ఏకారం దేన్ని నొక్కుతోందో పక్కన ఉన్న మాటని బట్టే తెలుస్తుంది. ఆర్చి మీద పక్క మాట చెరిగిపోతే ఎవరికి కావలసిన అర్థం వాళ్ళది.

డాలస్ గోంగూర:
గ్రీకులో ఈ తంటా లేదు. "హేస్ కురియోస్, మియా పిస్తిస్, హెన్ బాప్తిస్మ." ఒకటి అనే అంకె పుంలింగంలో, స్త్రీలింగంలో, నపుంసకంలో వరసగా మూడు రూపాల్లో మోగుతుంది. మనకి ఒక్కడే, ఒక్కటే, ఒక్కటే. రెండే రూపాలు. గ్రీకులో "మాత్రమే" అనడానికి "మోనోస్" అని వేరే మాట ఉంది, అది ఇక్కడ లేదు. కాబట్టి మూలంలో ఉన్నది అంకె. ఏకారం మన అనువాదకుల చలవ.

అరసున్న:
ఏకారం తీసేసి చదవండి మరి. "ప్రభువు ఒకడు, విశ్వాసమొకటి, బాప్తిస్మమొకటి." సంతకి చీటీ రాసినట్టుంది.

పూజారి మనవడు:
ఈ గొడవ ఐదు వందల ఏళ్ళ కిందటే అన్నమయ్య తేల్చేశాడు. "తందనాన" పాట పల్లవిలో "బ్రహ్మమొక్కటే", క కి క వత్తు. చరణాల్లోకి రాగానే రాజు నిద్రా బంటు నిద్రా "ఒకటే", ఏనుగు మీద ఎండా కుక్క మీద ఎండా "ఒకటే", వత్తు లేదు. లెక్క చెప్పేటప్పుడు ఒక్కటే, సమానం అనేటప్పుడు ఒకటే. ఈ లెక్కన మల్లెపందిరి గారి ఆర్చి మీద వత్తు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకోటి.

అరసున్న:
అందంగా ఉంది కానీ నిలబడదు. "మనమంతా ఒక్కటే" అంటాం. వత్తు ఉంది, సమానత్వమే. అన్నమయ్య దగ్గర అది తాళం అవసరం. పైగా వత్తు తీసి మాట ముందుకి తెస్తే ఇంకో ప్రమాదం: "ఒకటే వాన", "ఒకటే ఏడుపు". ఆ లెక్కన "ఒకటే విశ్వాసం" అంటే తెరిపి లేని విశ్వాసం.

పూజారి మనవడు:
తాళం అవసరమైతే చరణాలన్నిటిలోనూ వత్తు ఎందుకు లేదు? ఆ పాటలో బ్రాహ్మణుడు మెట్టే భూమీ చండాలుడు ఉండే భూమీ ఒకటే అన్న చోట గొంతు నొక్కకుండా, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు తేలిగ్గా అనేస్తాడు. నొక్కితే ఉపన్యాసం అయ్యేది. వత్తు లేకపోవడమే దాని బలం. దీని మీద ఎన్ని పేజీలైనా రాస్తాను.

గుంటూరు మిర్చి:
రాయకండి దయచేసి. ఏకారం దగ్గరికి వద్దాం. రోమా 3:28 గ్రీకులో "మాత్రమే" లేదు. 1522లో లూథర్ జర్మన్‌లో "అలైన్" చేర్చాడు, మాత్రమే అని. లేని మాట ఎక్కడి నుంచి తెచ్చావని కథోలికులు దుమ్మెత్తి పోశారు. 1530లో ఆయన ఇచ్చిన జవాబు నాకు భలే ఇష్టం. ఒకటి అవును, ఇంకోటి కాదు అని చెప్పేటప్పుడు మా భాషలో ఆ మాట పడాల్సిందే అన్నాడు. రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. ఇప్పుడు మన బైబిల్లో అదే వచనం చూడండి: "విశ్వాసమువలననే". లూథర్ ఒక మాట పెట్టి తిట్లు తిన్నాడు, మనవాళ్ళు ఒక్క అక్షరంతో కానిచ్చేశారు, ఎవరూ అడగలేదు.

డాలస్ గోంగూర:
"రైతు వడ్లే తెచ్చాడు, డబ్బులు తేలేదు." నిజమే, ఏకారం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అయితే ఒక సంగతి వదిలేశారు. కొత్త నిబంధనలో విశ్వాసమూ "మోనోన్" కలిసి కనబడేది ఒకే చోట, యాకోబు 2:24లో. అక్కడ ఉన్నది విశ్వాసం మాత్రమే కాదు అని!

గుంటూరు మిర్చి:
యాకోబు పత్రికని లూథర్ "గడ్డి పత్రిక" అన్నాడని కూడా తెలుసు లెండి.

చీరాల మగ్గం:
అందరూ విశ్వాసం దగ్గరే ఆగిపోయారు, అసలు చిక్కు ఆ తర్వాతి మాటలో ఉంది. బాప్తిస్మమొక్కటే! మా అమ్మ వైపు లూథరన్లు, నాన్న వైపు బాప్టిస్టులు. చంటిబిడ్డగా నాకు చిలకరింపు అయింది. పెళ్ళి కుదిరాక ఒక సంఘం వాళ్ళు అది చెల్లదు, ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్ళి అన్నారు. శుభలేఖలు పంచేశాక ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. తొట్టెలోకి దిగేముందు పాస్టరుగారిని అడిగాను, ఒక్కటే అని రాసి ఉంది కదండీ అని. "అవునమ్మా, ఇదే ఆ ఒక్కటి" అన్నారు.

అరసున్న:
నాలుగో అర్థం! ఆ పాస్టరుగారికి నా నమస్కారాలు.

గుంటూరు మిర్చి:
1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినప్పుడు మన తెలుగు బాప్టిస్టులూ మా లూథరన్లూ బయటే ఉండిపోయారు. అందుకే మా వీధిలో నాలుగు చర్చి గంటలు నాలుగు టైములకి మోగుతాయి.

ఖమ్మం మెట్టు:
ఆర్‌సీఎం వాళ్ళం, అంటే రోమన్ కథోలికులం, మేమూ ఉన్నామండీ. మాకు బాప్తిస్మం కాదు, జ్ఞానస్నానం. మీరు కృప అన్న చోట మా నోటికి వచ్చేది వరప్రసాదం. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని చిన్నప్పటి నుంచి జపమాలలో అలవాటైన మాట. వరమూ ప్రసాదమూ రెండూ ఇచ్చేవే, సంపాదించేవి కావు. కృప అంటే అవతలివాడి మనసులో ఉండేది, వరప్రసాదం అంటే మన చేతిలో పడేది. ఐదు వందల ఏళ్ళ కొట్లాటలో సగం ఆ రెండు మాటల మధ్యే ఉందని నా ఉద్దేశం.

డాలస్ గోంగూర:
ఇది బాగుంది. ఎఫెసీ 2:8లో రెండూ ఉన్నాయి చూడండి: "విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు", ఆ వెంటనే "దేవుని వరమే". అక్కడ ఏకారం విశ్వాసానికి పడలేదు, కృపకి పడింది. గ్రీకులో కృపని వాక్యం మొదట్లో పెట్టి నొక్కితే, మనవాళ్ళు క్రియ పక్కకి జరిపి ఏకారం తగిలించారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కథోలికులూ మనిషి నీతిమంతుడుగా తీర్చబడేది ఎలా అన్నదాని మీద సంతకాలు పెట్టిన ఉమ్మడి ప్రకటనలోనూ అంతే. కలిసి ఒప్పుకున్న అసలు వాక్యంలో "మాత్రమే" కృప పక్కన ఉంది, విశ్వాసం పక్కన లేదు.

గుంటూరు మిర్చి:
అనుబంధం చదవలేదా? విశ్వాసం పక్కన కూడా ఉంది అందులో.

డాలస్ గోంగూర:
అనుబంధంలో ఉంది. అసలు వాక్యంలో లేదనే కదా నేనన్నది.

పూజారి మనవడు:
ఒక్క అక్షరాన్ని ఏ మాట పక్కన కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి 1522 నుంచి 1999 దాకా 477 ఏళ్ళు. అన్నమయ్యకి ఒక పల్లవి పట్టింది.

మల్లెపందిరి:
మీ చర్చంతా మా మామయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. సాయంత్రం వెళ్ళి ఆర్చి ఫొటో తీసి పంపాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎడమవైపు సగం పోయింది, అక్కడ ఇప్పుడు ఇనప కమ్మీ ఉంది. మిగిలినదాంట్లో "విశ్వాసమొ" కనబడుతోంది, ఆ తర్వాత మైకు గొట్టం బిగించారు, అది దాటాక "టే".

అరసున్న:
గొట్టం కింద వత్తు తోకేమైనా కనబడుతోందా? వత్తు ఉంటే గీతకి దిగువన రంగు ఉండాలి.

మల్లెపందిరి:
కింద నీలంగా ఏదో ఉంది. వత్తో, కారిన మరకో తెలియడం లేదు.

పూజారి మనవడు:
వత్తే.

అరసున్న:
మరక.

చీరాల మగ్గం:
కుడివైపున ఇంకేమైనా ఉందా? "బా" అని కానీ?

మల్లెపందిరి:
కుడివైపు క్రిస్మస్ ఫ్లెక్సీ కట్టి ఉంది. పోయినేడాదిది. విప్పమని మామయ్యకి చెప్పాను, నిచ్చెన కావాలంటున్నాడు.