అప్‌డేట్: 'కంపానియన్‌షిప్'కు తెలుగు మాట కుదిరింది

భర్త పోయిన ఒక పెద్దావిడ ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని తెలుగు చేస్తూ, అందులోని 'కంపానియన్‌షిప్' దగ్గర ఆగిపోయానని పోయిన వారం అడిగాను కదా. స్నేహం, సాంగత్యం, సహవాసం, సాహచర్యం, చెలిమి అని చాలామంది చెప్పారు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక్కో మాటా ఆ వాక్యంలో పెట్టి పైకి చదివాను. 'స్నేహం' అంటే భార్యాభర్తల మధ్య కొంచెం పలచబడింది. 'సాహచర్యం' పుస్తకాల మాట, ఆవిడ గొంతులో పలకదు. 'సహవాసం' దగ్గరిదే, కానీ 'ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు' అనే సామెత వెంటనే గుర్తొచ్చి అర్థం పక్కకు పోయింది.

ఇంగ్లీషు మాట పుట్టుక కూడా చూశాను. లాటిన్‌లో 'కమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాడు కంపానియన్! మన 'పొత్తు'కూ కలిసి తినడమనే పాత అర్థం ఉంది. ఎంత సంతోషం వేసిందో! కానీ ఇవాళ పొత్తు అంటే ఎన్నికలే గుర్తొస్తాయి, అందుకే వాడలేకపోయాను.

చివరికి 'తోడు' పెట్టాను. "ఇంట్లో మనుషులున్నారు, తోడు లేదు" అని రాశాను. ఆవిడకు ఫోన్‌లో చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదేనమ్మా, నేనన్నది అదే" అన్నారు.